మగ్గం ఆగని ఇల్లు

చీరాల,
20 నవంబరు 1962.

చిరంజీవి మాలకొండయ్యకు, నాన్న బుల్లయ్య దీవించి చెబుతుంటే చెల్లెలు మల్లేశ్వరి రాస్తున్న ఉత్తరం.

ఒరేయ్ కొండయ్యా, దర్శిలో ఉద్యోగంలో చేరానని నువ్వు రాసిన కార్డు అందింది. మల్లి చేత మూడుసార్లు చదివించుకున్నాను. మన వంశంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టకుండా అన్నం తినబోయే మొదటివాడివి నువ్వే. నీ ఆర్డరు కాగితానికి పటం కట్టించి వేంకటేశ్వరస్వామికి కుడిపక్కన పెట్టాను. మీ అమ్మ ఎడమపక్క పెట్టమంది. స్వామి దీవించేది కుడిచేత్తో కదే అన్నాను.

వీధిలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నాను. నిన్న మంగలి షాపులో చెబుతుంటే ఒకడు "ఓస్, టీకాలు వేసేవాడా" అని నవ్వాడు. "అవున్రా, మశూచిని దేశంలోంచి తరమడానికి గవర్నమెంటువారు పెట్టిన మనిషి. నీ కొడుకు ఎవర్ని తరిమాడు, పక్కింటి కోళ్లనా?" అన్నాను. సగం గడ్డంతోనే లేచి వచ్చేశాను.

ఆర్నెల్లు పని చూసి అప్పుడు ఖాయం చేస్తారని రాశావు. ఆ ఆర్నెల్లూ జాగ్రత్త. పైవాళ్ల ముందు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడకు. చీరల మూట అంకారావు మీ వైపు ఊళ్లు తిరగడానికి వస్తున్నాడు. నేను నేసిన రెండు పంచెలు, మీ అమ్మ పెట్టిన చింతకాయ పచ్చడి వాడికిచ్చాను. ఉద్యోగస్తుడివి, నలిగిన పంచెతో తిరగకు.

అన్నయ్యా, ఇక్కణ్ణించి నాది. నాన్నకు చదవడం రాదు కాబట్టి ఈ నాలుగు వరుసలూ నా రాజ్యం. ఇంకా అవలేదా అని అడుగుతున్నాడు, "దస్తూరీ దిద్దుతున్నాను" అన్నాను. నాన్న గడ్డం ఇంకా సగమే ఉంది. ఆ షాపుకి వెళ్లడట. మార్చిలో నా ఎస్సెల్సీ పరీక్షలు. తెలుగులో జిల్లాకే మొదట రావాలని ఉంది, ఎవరికీ చెప్పకు. మెట్ట ఊళ్లలో మనం వినని మాటలు వింటే రాసి పంపు. ఒక నోటుబుక్కు కుట్టుకున్నాను.
మల్లి.

*

దర్శి, నెల్లూరు జిల్లా,
5 డిసెంబరు 1962.

నాన్నగారికి, అమ్మకు మాలకొండయ్య నమస్కారాలు.

పంచెలూ పచ్చడీ అందాయి. నేను బాగున్నాను, కాళ్లు మాత్రం బాగాలేవు. రోజుకు పదిమైళ్లు నల్లరేగడిలో నడక. రోడ్డుకు అటు పత్తి, ఇటు మిరప. నా సంచిలో మందు గొట్టాలు తడిగుడ్డలో చుట్టి ఉంటాయి. ఎండ తగిలితే మందు చచ్చిపోతుంది. చొక్కా బొత్తాం కంటే కొంచెం పెద్ద బిళ్ల ఒకటి ఉంటుంది, దానికి కింద పళ్లు. చేతి మీద మందుచుక్క వేసి, దాని మీద బిళ్ల పెట్టి తిప్పాలి. అంతే. దానికే ఊళ్లు ఖాళీ అయిపోతున్నాయి.

మొన్న ఒక ఇంట్లో "పిల్లలు లేరయ్యా, అందరూ చేలోకి పోయారు" అంది ముసలమ్మ. ఆమె వెనకాల పత్తి కుప్ప తుమ్మింది. మళ్లీ తుమ్మింది. "మీ పత్తికి జలుబు చేసినట్టుందమ్మా" అన్నాడు మా ప్యూను పీరు సాయిబు. నలుగుర్ని బయటికి లాగాం.

పీరు సాయిబుకి యాభై దాటాయి. వీధిలోకి వెళ్లగానే ముందు వాసన చూస్తాడు. అమ్మవారు పోసిన ఇంట్లో తాళింపు వెయ్యరు కదా. "ఈ వీధంతా పోపు వాసన. ఆ మూడో ఇంట్లో లేదు బాబూ, తలుపు తట్టండి" అంటాడు. ఇప్పటిదాకా ఆ మూడో ఇళ్లలో ఉపవాసాలే కనబడ్డాయి. నా చేతిలో ఉన్న ఊళ్లలో జబ్బు లేదు.

పొదిలి వైపు చేసే ఒకాయన్ని తీసేశారు. ఆయన సొంత ఇంట్లోనే మశూచి వచ్చిందట. "ఇంట్లోవాళ్లకి వెయ్యలేనివాడు ఊరికేం వేస్తాడయ్యా" అని మా ఇన్‌స్పెక్టరు గారు అందరి ముందూ అన్నారు. నాకు వెంటనే మన వీధి గుర్తొచ్చింది. అనుమతి అడిగాను, ఇచ్చారు. క్రిస్మస్ సెలవులకు వచ్చినప్పుడు మందు తెచ్చి మన వీధి మొత్తానికి వేస్తాను. ముందు మన ఇంటితో మొదలు.

మల్లీ, కొత్త మాటలు వచ్చేటప్పుడు తెస్తాను.

*

చీరాల,
2 జనవరి 1963.

చిరంజీవి మాలకొండయ్యకు నాన్న దీవెనలు.

నువ్వు వెళ్లినా వీధి ఇంకా నీ గురించే మాట్లాడుకుంటోంది. ముప్ఫై ఏళ్లుగా ఈ వీధిలో ఉన్నాను, ఇన్ని మగ్గాలు ఒక్కసారి ఆగడం చావుకి తప్ప చూడలేదు. నీకోసం ఆగాయి. నేను మన అరుగు మీద కుర్చీ వేసుకుని ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలవడం, వాళ్లు చొక్కా చెయ్యి పైకి మడుచుకుని రావడం, నువ్వు తల కూడా ఎత్తకుండా బిళ్ల తిప్పడం. ముందు నా చెయ్యి, తర్వాత మీ అమ్మ చెయ్యి పట్టుకున్నావు. మంగలి షాపులో నవ్వినవాడు ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని వచ్చాడు. వాణ్ణి కావాలనే ఆఖర్న పిలిచాను.

ఆరోజు మల్లి పెరట్లో దూరంగా కూర్చుంది, ముట్టుకోకూడదు కాబట్టి దానికి కుదరలేదు. వచ్చేసారి చూద్దాంలే.

అన్నయ్యా, ఇక్కణ్ణించి నాది, ఈసారి కొంచెం పెద్దది. నాన్న ఎదురుగానే ఉన్నాడు.

ఆరోజు నేను దూరంగా లేను. ఊరికే చాప వేసి కూర్చోమంది అమ్మ. నీకూ నాకూ మధ్య పుట్టిన ఇద్దరి సంగతి నీకు తెలుసుగా. టీకా గాటు పెట్టిన పదోరోజుకి ఇద్దరూ పోయారని అమ్మ నమ్మకం. నేను కడుపులో ఉండగా అమ్మవారికి మొక్కుకుందట, ఈ బిడ్డ ఒంటి మీద గాటు పడనివ్వనని. చిన్నప్పుడు టీకాలాయన వస్తే నన్ను ధాన్యం గాదెలో కూర్చోబెట్టేవాళ్లట. నాన్నకు అంతా తెలుసు. కుర్చీలో కూర్చుని అందర్నీ పేరు పెట్టి పిలిచాడు కదా, నా పేరు పిలవాల్సిన చోట ఒక్క క్షణం ఆగి, పక్కింటివాళ్లను పిలిచాడు. నేను తలుపు వెనక రవిక చెయ్యి పైకి మడుచుకుని నిలబడి విన్నాను.

నాన్నను అడక్కు. అమ్మను అసలే అడక్కు. నువ్వు చెబితే నేనొక్కదాన్నే ఆసుపత్రికి వెళ్తాను.
మల్లి.

*

దర్శి,
20 జనవరి 1963.

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అంతా బాగుంది. మిరప పండుతోంది. వచ్చే నెలకి కళ్లాలన్నీ ఎర్రబడతాయి. ఇన్‌స్పెక్టరు గారు నా ఊళ్లు చూసి వెళ్లారు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే మెచ్చుకున్నట్టేనని పీరు సాయిబు చెప్పాడు.

మల్లీ, ఇది పైకి చదవకు. పంట ఎలా ఉందో ఏదో ఒకటి కల్పించి చెప్పు.

ముందు కోపం వచ్చింది. తర్వాత నా మీదే వచ్చింది. ఊళ్లో ఎవరింట్లో పిల్ల కనబడకపోయినా కుప్పలు తవ్వినవాణ్ణి, నా ఇంట్లో పెరటి తలుపు తియ్యలేకపోయాను. అమ్మ "బయట ఉంది" అనగానే సిగ్గుపడి ఊరుకున్నాను.

ఇప్పుడు వేయించుకుంటే నీకు మొదటిసారి కాబట్టి చెయ్యి వాచి, వారం రోజులు జ్వరం వస్తుంది. జ్వరం చూసి అమ్మ కనిపెడుతుంది. పరీక్షల చదువూ పాడవుతుంది. చీరాలలో ఈ ఏడు జబ్బు లేదని రికార్డు చూశాను. నీ పరీక్షలు అవగానే నేనే వస్తాను. అమ్మ కాళ్లు పట్టుకునైనా నా చేత్తో నేనే వేస్తాను. అప్పటిదాకా ఆగు.

నీ నోటుబుక్కుకి: పొద్దుటి మంచుకి తడిసిన మిరపకాయను ఇక్కడివాళ్లు "నిద్రకాయ" అంటారు. ఎండెక్కితే లేస్తుందట.

*

చీరాల,
8 మార్చి 1963.

చిరంజీవి మాలకొండయ్యకు తండ్రి బుల్లయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమందరమూ క్షేమముగా ఉన్నాము. చి. మల్లేశ్వరి మంగళగిరిలో మేనత్త ఇంటికి వెళ్లినది. ఆమెకు పనిసాయము అవసరమైనది. అందువలన ఈ ఉత్తరము మన వీధిలోని శ్రీమన్నారాయణ మాస్టారి చేత రాయించుచున్నాను. ఇకపై నీ ఉత్తరములు కూడా వారే చదివి వినిపించెదరు.

మగ్గము రోజూ ఆడుచున్నది. అంకారావు వచ్చి నాలుగు చీరలు తీసుకొని మీ వైపు బయలుదేరినాడు. పెండ్లి రోజులు వచ్చుచున్నవి కాబట్టి గిరాకీ బాగున్నది.

నీవు సెలవు పెట్టి ఇక్కడికి రావద్దు. ఖాయమగువరకు ఒక్కరోజైనను సెలవు పెట్టవద్దు. ఇది ముఖ్యముగా రాయమన్నాను.

*

దర్శి,
12 మార్చి 1963.

నాన్నగారికి నమస్కారాలు.

మాస్టారి దస్తూరీ ముత్యాల్లా ఉంది. కానీ కవరు మీద మల్లి అక్షరాలు లేకపోయేసరికి చేతిలో పట్టుకుని కాసేపు విప్పలేదు.

పరీక్షలు పదిహేను రోజుల్లో ఉండగా మల్లి మంగళగిరి ఎందుకు వెళ్లింది? అత్తకు పనిసాయం కావాలంటే అమ్మ వెళ్లొచ్చు కదా. పుస్తకాలు తీసుకెళ్లిందా? అత్త ఇంటికి కూడా ఇవాళే కార్డు రాస్తున్నాను.

మాస్టారూ, ఈ ఒక్క ముక్కా నాన్నకు రెండుసార్లు చదివి, ఏమన్నాడో అలాగే రాయండి. నాన్నా, అమ్మ ఇంట్లో తాళింపు వేస్తోందా?

*

చీరాల,
18 మార్చి 1963.

చిరంజీవి మాలకొండయ్యకు తండ్రి ఆశీస్సులు.

తాళింపు వేయుచున్నారు. ఇంగువ కూడా వేయుచున్నారు. ఉద్యోగము చేయువాడు ఆడవాళ్ల వంటల గురించి అడుగుట ఏమి? మల్లేశ్వరి క్షేమము. అంకారావు మరల వచ్చి మరి ఐదు చీరలు తీసుకొని వెళ్లినాడు. అన్నియు మిరపపండు రంగువే. నీ పని నీవు చూసుకొనుము.

నాయనా కొండయ్యా, పైన రాసింది మీ నాన్న చెప్పినది చెప్పినట్టు. ఇది నా మాట, ఆయన వెళ్లిపోయాక రాస్తున్నాను. నీ ప్రశ్న రెండోసారి చదివినప్పుడు ఆయన లేచి నా గోడ మీది క్యాలెండరులో మే నెల తిప్పి చూశాడు, తర్వాతే జవాబు చెప్పాడు. ఉత్తరం రాయించుకోవడానికి ఆయనే మా ఇంటికి వస్తున్నాడు, నన్ను గడప దాటనివ్వడం లేదు. మీ ఇంటి మగ్గం పొద్దుటి నుంచి దీపాల వేళదాకా ఆగడం లేదు. భోజనం వేళ వీధంతా సద్దుమణిగినా అదొక్కటే వినబడుతూ ఉంటుంది. ముప్ఫై ఏళ్లలో బుల్లయ్య ఇంత కష్టపడి నెయ్యడం నేను ఎరగను.
శ్రీమన్నారాయణ.

*

దర్శి,
7 ఏప్రిల్ 1963.

నాన్నా,

ఎప్పుడూ ఉత్తరంలో మీరు అని రాసేవాణ్ణి. ఇవాళ నువ్వు అనే రాస్తాను. మాస్టారూ, దయచేసి వీధిలో కాకుండా, నాన్నను మీ ఇంట్లో కూర్చోబెట్టి, తలుపు మూసి చదవండి.

ఎర్రగుంటపాలెం అని ఇక్కడికి ఆరుమైళ్లు. మూడిళ్లలో మశూచి వచ్చింది. నా చేతిలో ఉన్న ఊరే. వీరమ్మ అనే ఆమె కూతురు, నాలుగేళ్లది, నిన్న మధ్యాహ్నం పోయింది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ పిల్లకు ఒళ్లు కాలుతోందని, తగ్గాక వేద్దామని వదిలేసిన చెయ్యి అది. మళ్లీ వెళ్లలేదు. అది నా తప్పు, దాన్ని నేనే మోస్తాను.

జబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో కనుక్కోవడం నా పని. మూడిళ్లలోనూ ఎవరూ ఊరు దాటలేదు. చుట్టాలు రాలేదు. అందరూ మిరప కళ్లాల్లోనే ఉన్నారు. "మరి బయటినుంచి ఇంట్లోకి ఏమొచ్చింది?" అని పీరు సాయిబు అడిగాడు. ఏమీ లేదన్నారు. తర్వాత వీరమ్మ అంది, "మూటాయన దగ్గర చీర కొన్నానయ్యా. బిడ్డ దాన్ని వదల్లేదు, ఎర్రగా ఉందని కప్పుకుని పడుకునేది." మిగతా రెండిళ్లలోనూ అడిగాను. వాళ్లూ కొన్నారు.

చీర తెమ్మన్నాను. మిరపపండు రంగు, ఆకుపచ్చ అంచు. పమిట చివర రెండు తెల్లపోగులు వదిలి ఒక పసుపుపోగు. అలా ముగించేవాడు మన వీధిలో ఒక్కడే. చిన్నప్పుడు నీ పక్కన గుంటలో కూర్చుని ఆ పోగు నేనే అందించేవాణ్ణి.

మల్లి ఎక్కడుంది?

మగ్గం ఆపు. ఇంట్లోంచి పోగు కూడా బయటికి పోనివ్వకు. రిపోర్టు ఇంకా రాయలేదు. పదిహేనో తేదీ సోమవారం ఇన్‌స్పెక్టరు గారు వస్తారు. మల్లి బతికుంటే దాని చేత ఒక్క మాట రాయించు. ఏ మాటైనా సరే.

*

చీరాల,
11 ఏప్రిల్ 1963.

అన్నయ్యా,

బతికే ఉన్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, ఎడమకన్ను పోయింది. గీత ఎక్కడుందో ఇంకా అలవాటు కాలేదు. నాన్న ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆయన చెప్పింది ముందు రాస్తాను.

"కొండయ్యా, దాచింది నేనే. ఫిబ్రవరి ఆఖర్లో మల్లికి ఒళ్లు కాలింది. మూడోరోజుకి పొక్కులు తేలాయి. అప్పుడు నాకు మీ ఇన్‌స్పెక్టరు మాటే చెవిలో మోగింది. ఇంట్లోవాళ్లకి వెయ్యలేనివాడు అని అందరి ముందూ అన్నాడని రాశావు కదా. వీధికంతా వేసి చెల్లెల్ని వదిలేశాడంటే నిన్ను ఉంచుతారా? వదిలేసింది నువ్వు కాదు, నేను. కానీ కాగితంలో పోయేది నీ పేరు. ఇంకో రెండు నెలలైతే ఖాయం. ఈ రెండు నెలలూ దాటిద్దామనుకున్నాను. గుమ్మానికి వేపాకు కట్టలేదు. అమ్మ తాళింపు ఆపలేదు, ఏడుస్తూ వేసింది. మన వీధిలో మగ్గం ఆగితే చావో అమ్మవారో అని పక్కింటికి తెలుస్తుంది. అందుకని ఆపలేదు. గుడ్డ వల్ల అంటుకుంటుందని నాకు తెలియదురా. తెలిసుంటే ఆపేవాణ్ణా అని నన్ను నేను అడుగుతున్నాను. రిపోర్టులో ఊరి పేరు రాయి. ఇంటి పేరు రాయకు. ఒక్క ఇంటి పేరు."

ఇది నాన్నది. ఇక నాది.

మగ్గం ఉన్న గదిలోనే పడుకోబెట్టారు. తలుపులు వేసుకోవడానికి వేరే గది మనకెక్కడుంది? నాడె ఇటు నుంచి అటు వెళ్లే చప్పుడు, అటు నుంచి ఇటు వచ్చే చప్పుడు. కళ్లు మూసుకుపోయాక నాకు అదొక్కటే తెలిసేది. నేను మూలిగితే నాన్న ఇంకా గట్టిగా నేసేవాడు. నేసి దించిన చీరలు నా తలాపి దగ్గరే దొంతర పెట్టేవాడు. చలి పుడితే అమ్మ పైదాన్ని తీసి కప్పేది, మళ్లీ మడత పెట్టేది. ఏ చీర ఎన్నిసార్లు కప్పిందో అమ్మకూ గుర్తులేదు.

అంకారావు మామ వచ్చినప్పుడు మడతలు అందించింది నాన్నే, గుమ్మం దగ్గర.

అన్నయ్యా, ఇంటి పేరు రాయి. నాన్న పేరు రాయి. టీకా వేయించుకోనిదాని పేరు అడిగితే నా పేరు కూడా రాయి. వీరమ్మ ఎవరో నాకు తెలియదు, ఆ పిల్ల పేరేమిటో నువ్వు రాయలేదు. రాస్తే నాకు చెప్పు.

ఇంకా అవలేదా అని నాన్న అడుగుతున్నాడు. దస్తూరీ దిద్దుతున్నాను అనలేదు. నేనేం రాశానో చదివి వినిపించాను. తల వంచుకుని, "సరే, అలాగే పంపు" అన్నాడు.
మల్లి.

*

దర్శి,
21 ఏప్రిల్ 1963.

మల్లీ, ఇది నాన్నకూ అమ్మకూ పైకే చదువు.

రిపోర్టు నా చేత్తోనే రాశాను. ఇన్‌స్పెక్టరు గారు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు. "ఈ బుల్లయ్య మీకేమవుతాడు?" అన్నారు. "మా నాన్నండి." "మీరు రాయకపోతే నాకు తెలిసేది కాదు." "తెలియదండి." నెలాఖరుకి నన్ను తీసేస్తున్నారు. అప్పటిదాకా, తర్వాత కొత్తాయన వచ్చేదాకా కూడా, సంచి నా దగ్గరే ఉంచమన్నారు. ఆయన మంచివాడే.

అంకారావుని పట్టుకున్నాం. తొమ్మిది చీరల్లో ఏడు ఎవరికిచ్చాడో ఇల్లిల్లూ చూపించాడు. ఆరు తగలబెట్టాం. ఇంకా నాలుగిళ్లలో జబ్బు తేలింది. ఏడోది వీరమ్మది. ఇవ్వనంది. పిల్లను దానిలోనే చుట్టి పంపాలనుకుందట, చుట్టాలు పాత గుడ్డలో చుట్టారు. "ఇది మీ నాన్న నేసిందా?" అని అడిగింది. అవునన్నాను. "మంచి నేత" అంది. తనే తెచ్చి మంటలో వేసింది. తిట్టి ఉంటే బాగుండేది. పిల్ల పేరు ఆదిలక్ష్మి.

మిగిలిన రెండూ పొదిలి సంతలో అమ్మాడు. ఎవరు కొన్నారో తెలియదు. ఇద్దరు ఆడవాళ్లట. ఒకామె పెద్దవయసు మనిషట, అంతే గుర్తుంది.

నాన్నా, నీ మీద కోపం లేదని రాయలేను. కానీ ఆ రెండు చీరలూ చూడగానే గుర్తుపట్టేది నువ్వూ నేనూ. నేను ఈ ఊళ్లు వదిలి కదలకూడదు.

*

చీరాల,
7 మే 1963, మంగళవారం.

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే నాన్న అంకారావు మామను వెంటబెట్టుకుని వెళ్లాడు. పన్నెండు రోజులైంది. మామ నిన్న ఒక్కడే తిరిగొచ్చాడు. "నావల్ల కాదమ్మా" అన్నాడు. "ప్రతి ఇంటి ముందూ నిలబడి, అమ్మా, మా ఇంట్లో మశూచి వచ్చింది, నేను దాచాను, నా చీర మీ దగ్గరుంటే చూపించండి అంటాడు. ఒక ఊళ్లో రాళ్లు వేశారు. ఇంకో ఊళ్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. రాళ్లకి కదలనివాడు ఆ మజ్జిగ గ్లాసు పట్టుకుని ఏడ్చాడు."

ఇవాళ పొద్దున్నే నాన్న కార్డు వచ్చింది. దొనకొండ స్టేషన్లో ఎవరి చేతనో రాయించాడు. ఎనిమిదో చీర దొరికిందట, కాల్చేశాడట. తొమ్మిదోది కొన్నామె పేరు నాంచారమ్మ. ఆమె దాన్ని మడత విప్పకుండా పెట్టెలో దాచి, మనవరాలి పెళ్లికని దొనకొండలో రైలెక్కి నల్లపాడు వెళ్లిందట. పెళ్లికూతురికి పెట్టడానికట. నాన్న కాలు వాచి అడుగు తియ్యలేకుండా ఉన్నాడు. రైలెక్కించమని వచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతున్నానని రాయించాడు.

పెళ్లి ఎల్లుండి, గురువారం. ఎవరిల్లో తెలియదు. శ్రీమన్నారాయణ మాస్టారు గుంటూరుకు టెలిగ్రాం ఇచ్చారు, జవాబు ఇంకా రాలేదు.

ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రాదని నువ్వే కదా చెప్పావు. ఆ మడత విప్పినా నన్నేమీ చెయ్యదు. అందుకని నేను వెళ్తున్నాను. తెనాలిలో మారితే గుంటూరు, అక్కణ్ణించి నల్లపాడు ఎంతో దూరం లేదట. అమ్మ నన్ను ఆపుతుందనుకున్నాను. లేచి, తల దువ్వుకుని, "నేనూ వస్తున్నా పద" అంది. నా ముఖానికి పమిట కప్పబోయింది. వద్దన్నాను. నల్లపాడులో ఎన్ని పందిళ్లుంటే అన్నిటిలోకీ వెళ్తాను. నా ముఖం చూస్తే నేనెందుకు వచ్చానో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

పెళ్లికూతుర్ని చెయ్యడం రేపు పొద్దున్నే ఉంటుందని అమ్మ అంటోంది. కొత్తచీర పెట్టెలోంచి తీసేది అప్పుడేనట.

బండి వేళయింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఈ ఉత్తరం నీకు శుక్రవారం గానీ అందదు.

మల్లి.